కూర్చోవడం రాని సకియాసి

సకియాసికి కూర్చోవడం రాదు. కొబ్బరిచెట్టు ఎక్కడం వచ్చు, చెరకు కొట్టడం వచ్చు, కెమెరా ముందు రెండు భాషల్లో ఏడవడం వచ్చు. కూర్చోవడం ఒక్కటే రాదు.

దీనికే ఇంత గోలా అని తీసిపారేయకండి. ఇంకో దేశంలో అయితే పోనీలే పాపం అని ఊరుకునేవాళ్ళు. ఫిజీ దీవుల్లోని మా తవువాలో మనిషి మర్యాదంతా చాప మీదే తేలిపోతుంది. పెళ్ళైనా, చావైనా, గట్టు తగాదా అయినా, తప్పిపోయిన ఆవు ఇల్లు చేరినా, నడుమ యంగోనా గిన్నె పెట్టుకుని చుట్టూ మఠం వేసుకు కూర్చోవాల్సిందే. వేరు దంచి పిసికిన ఆ బురదరంగు నీళ్ళు కొబ్బరిచిప్పలో ఒక్కొక్కరి దగ్గరకే వస్తాయి. చప్పట్లు చరిచి, గటగటా తాగి, మళ్ళీ చరిచి, తిరిగి తన వంతు వచ్చేదాకా కదలకుండా ఉండాలి. పెద్దవాళ్ళు లేవకుండా మనం లేవకూడదు. ఒకవేళ లేచామా, కూర్చున్నవాళ్ళ తలల కంటే ఎత్తు కాకుండా నడుం వంచుకుని, "తులౌ, తులౌ" అని, అంటే మన్నించండి బాబూ మన్నించండి అని గొణుక్కుంటూ పోవాలి.

సకియాసి కొబ్బరిచెట్టంత మనిషి. అంత మనిషీ జీవితంలో సగం వంగే నడిచాడు. ఊరంతా కలిసి ఏడాది పొడుగునా వాడే తులౌలు అతను ఒక్క పూటలో ఖర్చు పెట్టేవాడు. అలవాటు ఎంత ముదిరిందంటే దారిలో కుక్క పడుకుని ఉన్నా "తులౌ" అనే దాటేవాడు. కుక్కలు కూడా అతన్ని చూసి లేవడం మానేశాయి.

చిన్నప్పుడు చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మొదలెట్టగానే వీడు లేచేవాడట. కొట్టి చూశారు, బుజ్జగించి చూశారు. చివరికి ఆయనే విసిగిపోయి, "నాయనా, నువ్వు బయట దుంగ డోలు కొట్టుకో, ఆ పుణ్యం చాలు నీకు" అని పంపేశారు. వీడికి తోచనప్పుడల్లా డోలు మోగేది. పక్క ఊళ్ళవాళ్ళు ఏ ఊరి దొరో పోయాడనుకుని చాపలు చంకన పెట్టుకుని పరామర్శకు వచ్చేసేవాళ్ళు.

రెండు భాషలు అబ్బింది కూడా ఈ జబ్బు వల్లే. నదికి ఇటు ఫిజీ వాళ్ళ ఊరు, అటు ఎప్పుడో ఇండియా నుంచి వచ్చిన మన వాళ్ళ చెరకు తోటలు. ఇటు తల్లి చేపా దుంపా వడ్డించి వెనక్కి తిరిగేలోగా పిల్లాడు నది దాటేసి అటు ఎవరింట్లోనో రొట్టెలు తింటుండేవాడు. అక్కడ పప్పు పోసేలోగా మళ్ళీ ఇటు. అలా తిరిగి తిరిగి రెండు భాషలూ కాళ్ళకు బురద అంటినట్టు అంటుకున్నాయి. అతను హిందీలో తిడితే మన ఎడ్లు సిగ్గుపడేవి.

మిగతా కథ పైడమ్మను అడిగితే బాగా చెబుతుంది. సినిమాలు తీసే సత్తికి అక్క ఆవిడ. నటులకు బట్టలు కట్టడం, ఉతకడం, కిందటి షాటులో ఎవరి బొత్తాం ఊడి ఉందో గుర్తుపెట్టుకోవడం, అందరికీ టీ కాయడం, తీరిక దొరికితే తమ్ముణ్ణి తిట్టడం ఆవిడ పనులు. సత్తి ప్రతి సినిమానూ రెండుసార్లు తీసేవాడు. ఒకే సీను ముందు హిందీలో, వెంటనే ఫిజీ భాషలో. రెండింటికీ ఒకే మొహం దొరికితే ఒకే చొక్కాతో పోతుంది కదా అని సకియాసిని పట్టుకొచ్చాడు. ఎంత తప్పు చేశాడో మొదటిరోజే తెలిసింది.

మొదటి వేషం శవం.

"ఇంతకంటే తేలికైంది లేదు తవలే," అన్నాడు సత్తి. తవలే అంటే బావ; మా దగ్గర ఏ కులానికైనా ఏ భాషకైనా సరిపోయే వరస అది. "పడుకో. అంతే. నీ పని అయిపోయింది."

సకియాసి పడుకున్నాడు. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ వచ్చారు. కెమెరా తిరుగుతోంది. ఉన్నట్టుండి శవం లేచి, నడుం వంచి, ఏడుస్తున్నవాళ్ళ మధ్య నుంచి "తులౌ, తులౌ" అంటూ పొయ్యి దగ్గరకు పోయింది. ఇద్దరు ఆడవాళ్ళు నిజంగానే కళ్ళు తిరిగి పడ్డారు.

"ఒరే, నువ్వు చచ్చావురా!" అని అరిచాడు సత్తి.

"చచ్చాను తవలే, కాదనలేదు. కానీ అక్క టీ పొంగిపోతోంది."

హిందీ శవమూ లేచింది, ఫిజీ శవమూ లేచింది. గత్యంతరం లేక సత్తి కథ మార్చి, చచ్చినవాడు చావలేదని తీశాడు. ఇంకో సినిమాలో పోలీసు వేషమిచ్చి, కుర్చీలోంచి కదలకుండా నడుముకు కట్టిన సులు గుడ్డను వెనక నుంచి కుర్చీకి ముడేయించాడు. ఆ పోలీసు కుర్చీతో సహా దొంగ వెంట పడ్డాడు. హాల్లో జనం ఈలలు వేశారు. అప్పటి నుంచి సకియాసి ఎక్కడికి పోయినా, "ఏం తవలే, కుర్చీ ఇంట్లో పెట్టి వచ్చావా?" అని అడగనివాడు లేడు.

ఇలా నవ్వులతోనే గడిచిపోయేది గానీ, సత్తి పెద్ద సినిమా మొదలెట్టాడు. గడువు తీరిపోయిన కౌలు భూమిలో ఉన్న ముసలి రైతు కథ. రైతు యంగోనా వేళ్ళ కట్ట పట్టుకుని ఆ నేలకు పెద్ద అయిన ఫిజీ దొర దగ్గరకు వెళ్ళి, ఈ నేల నుంచి నన్ను లేపకండి అని అడుగుతాడు. దొర సకియాసి. రైతు బిసేసర్ కాకా.

బిసేసర్ కాకా అంటే మాటలా! రామలీలలో ఏళ్ళ తరబడి రావణుడు. పిల్లలు అన్నం తినకపోతే కాకాను పిలుస్తామని తల్లులు బెదిరించేవాళ్ళు. చెరకు కొట్టే ముఠాకు మేస్త్రీ కాబట్టి ఫిజీ భాష కూడా గడగడా మాట్లాడేవాడు. భార్య పోయింది. కొడుకు లౌటోకాలో ఉంటాడు. "రా నాన్నా, మా దగ్గర హాయిగా కూర్చుందువు గాని" అని వాడు పిలిచినప్పుడల్లా, "సినిమా ఉందిరా, ఎలా వస్తాను?" అనేవాడు కాకా. సినిమా లేదంటే తీసుకుపోయి గదిలో కూర్చోబెడతారని ఆయన భయం.

షూటింగు మొదలైన నాటి నుంచీ సకియాసి తెగబడ్డాడు. ఇదివరకు అప్పుడప్పుడూ లేచేవాడు, ఇప్పుడు ప్రతి టేకులోనూ లేవడమే. కాకా నోరు తెరవబోయే సమయానికి దొరగారు లేచి చీమ కుట్టిందంటాడు, వానొస్తుందంటాడు, ఊరికే "తులౌ" అని అటు పోయి ఇటు వస్తాడు. లేచినప్పుడల్లా నలిగిన సులు గుడ్డకు పైడమ్మ మళ్ళీ ఇస్త్రీ చేయాలి. ఆవిడకు చిర్రెత్తిపోయింది.

"నిన్నేమన్నా దురదగుంటాకు మీద కన్నదా మీ అమ్మ? ఒక్క పది మాటలు ఆయన్ని చెప్పనివ్వవేం?"

"ఏం చేయను అక్కా, కాళ్ళు నా మాట వినవు."

"వినకపోతే విరగ్గొడతా. అప్పుడు వింటాయి."

సత్తి అంతకంటే పెద్ద పని చేశాడు. సువా నుంచి ఎమోసి అనే నటుణ్ణి పిలిపించాడు. ఎమోసి ప్రతిభంతా కూర్చోవడంలోనే ఉంది. సొంత చాప తెచ్చుకుని, సీమపనస చెట్టు కింద పరుచుకుని కూర్చున్నాడు, ఇక కదిలితే ఒట్టు. చెట్టనుకుని కోడి ఆయన ఒళ్ళో గుడ్డు పెట్టిందని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"చూడు తవలే," అన్నాడు సత్తి సకియాసితో. "ఇవాళ పెద్ద సీను. ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు, రేపు మళ్ళీ రారు. ఒక్కసారి లేచావా, నీ సులు విప్పి ఎమోసికి కట్టేస్తా. ఇక నా సినిమాల్లో నీకు శవం వేషం కూడా ఉండదు."

సకియాసి తల ఊపాడు. ఊపుతూనే అటూ ఇటూ నడిచాడు.

ఆ పెద్దల్లో ఎపెలి తాత సీను చూడకముందే మొహం చిట్లించాడు. "రైతు ఒక్కడే వస్తాడా? తన తరఫున మాట్లాడే మనిషేడీ? మా దొర దగ్గరకు వచ్చి తన నోటితో తనే అడుక్కుంటాడా ఎవడైనా? పద్ధతి కాదు."

"సినిమాలో రైతే మాట్లాడాలి తాతా. జనం ఏడవాలి కదా," అన్నాడు సత్తి.

"తప్పుగా తీస్తే ఏడుస్తారులే," అన్నాడు ఎపెలి తాత.

పైడమ్మ ఇదంతా వింటూ కాకాకు తలపాగా చుడుతోంది. కాకా అద్దంలో తనను తాను చూసుకుని, మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఇవాళ నేనెవర్ని?"

"రైతువి కాకా."

"రావణుణ్ణి కాదూ?"

పైడమ్మ చెయ్యి ఆగిపోయింది. కాకా ఆవిడ మొహం చూసి గట్టిగా నవ్వేశాడు. "రైతునే, రైతునే! నీకు గుర్తుందో లేదో చూశాను." నవ్వుతున్నాడు గానీ అద్దంలోని తలపాగాను ఎవరిదో అన్నట్టు మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు.

ఆవిడకు ఒక్కసారిగా కళ్ళు తెరుచుకున్నట్టయింది. చీమ కుట్టినా, వాన వచ్చినా, కాకా మాట్లాడే ముందేనేం? ఆడపిల్లలతో సీన్లున్న రోజు ఇంత లేవలేదే ఈ మనిషి! గబగబా పోయి, చెరకు లారీ చుట్టూ తిరుగుతున్న సకియాసి చెయ్యి పట్టుకుంది.

"కాకాకు మాటలు గుర్తుండటం లేదు కదూ?"

"అరవకు అక్కా."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచే. మాట పోయే ముందు ఆయన కళ్ళు పైకి పోతాయి. అప్పుడు నేను లేస్తా. సత్తి నన్ను తిట్టేలోగా ఆయనకు మాట దొరుకుతుంది. దొరక్కపోతే మళ్ళీ లేస్తా."

"అయితే నీకు కూర్చోవడం వచ్చన్నమాట! ఇన్నేళ్ళూ నాటకమా?"

"అయ్యో, రాదక్కా, దేవుడి తోడు. ఎలాగూ ఉన్న రోగమే కదా, కాస్త కాకాకు వాడుతున్నా." అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "చర్చి వాళ్ళు నన్ను బయటికి పంపేశాక నది దాటి వచ్చానా, కాకా రామలీల ఆడిస్తున్నాడు. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'ఒరే, కోతి వేషానికి నిన్ను మించినవాడు లేడు, ఎంతసేపైనా ఎగురు' అన్నాడు. కూర్చోమనకుండా నాకు పని ఇచ్చిన మనిషి ఆయనొక్కడే. ఆయన్ని తీసుకుపోయి గదిలో కూర్చోబెడతారంటే నేను చూస్తూ ఊరుకోనా?"

పైడమ్మ కొంగు అందుకుంది. ముక్కు చీదుకుని, "మరి ఇవాళ లేస్తే నీ పని సరి కదరా?" అంది.

"అదే తిరుగుతూ ఆలోచిస్తున్నా," అన్నాడు సకియాసి.

ఆలోచన తెగకుండానే సత్తి కేకేశాడు. చాప పరిచారు. ఒక కొసన దొర, ఇరుపక్కలా పెద్దలు, నడుమ గిన్నె, ఈ కొసన కాకా, ఆయన ముందు కాగితంలో చుట్టి రిబ్బను కట్టిన యంగోనా వేళ్ళు. ఎమోసి కూడా చూపు ఇటు తిప్పాడు. అంతకుమించి కదలలేదు.

హిందీ టేకు మొదలైంది.

"దొరా," అన్నాడు కాకా. పాత రావణుడి గొంతు, చాప అంతా మోగింది. "మా తాత ఓడ దిగి ఈ నేలలో చెరకు నాటాడు. మా నాన్న..."

కళ్ళు పైకి పోయాయి.

ఎక్కడో మైనా అరిచింది. కాకా పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. చేతులు వేళ్ళ కట్ట మీద తడుముకుంటున్నాయి, మాట దాని అడుగున పడిపోయినట్టు. సకియాసి మోకాలు టకటకా ఆడుతోంది. సత్తి పళ్ళ మధ్య నుంచి, "కదిలావో చంపుతా" అంటున్నాడు. లేస్తే ఇతను పోతాడు, లేవకపోతే ఆయన పోతాడు. పైడమ్మ కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది.

"తులౌ," అని వినిపించింది.

సకియాసి లేచాడు. సత్తి ఆపమనడానికి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాల్లో ఉండగానే పైడమ్మ పట్టుకుని, రెండో చేత్తో తమ్ముడి నోరు మూసేసింది. "నోర్ముయ్. తిరగనీ కెమెరాను."

అంత దొరా నడుం వంచి, పెద్దల ముందు నుంచి "తులౌ, తులౌ" అనుకుంటూ చాప పొడుగునా నడిచి వచ్చి, కాకా పక్కన భుజం భుజం తగిలేలా కూలబడ్డాడు. కాకా చేతుల మీద తన చేతులు వేసి వేళ్ళ కట్ట ఎత్తాడు. ఎదురుగా తాను ఖాళీ చేసి వచ్చిన చోటు వైపు చూస్తూ హిందీలో అందుకున్నాడు.

"దొరా, పెద్దాయన అలిసిపోయాడు. ఈయన మాట నా నోట వినండి. ఈయన తాత, నాన్న ఈ మట్టిలోనే కలిసిపోయారు. నేను మా ఇంట్లో ఇమడలేక నది దాటి వస్తే ఈయన పొలంలోనే తిరిగి పెద్దవాణ్ణయ్యాను. ఒక్కనాడూ పొమ్మనలేదు. ఇవాళ ఈయన్ని లేవమంటున్నారు. వద్దు దొరా. లేపకండి. ఈయనకు నచ్చిన చోట ఈయన్ని కూర్చోనివ్వండి."

అని, మళ్ళీ లేచి, "తులౌ, తులౌ" అంటూ వెనక్కి పోయి దొర స్థానంలో కూర్చున్నాడు. ఇందాక ఎవరో అడిగిన మాట విన్నవాడిలా కాసేపు గంభీరంగా తల ఊపాడు. ఇక ఫిజీ భాషలో తీర్పు చెప్పాడు.

"విన్నాను. వేళ్ళు అందాయి. ఈయన లేవక్కర్లేదు."

చేతులు దొన్నెలా వంచి చరిచాడు. ఎవరూ చెప్పకుండానే పెద్దలందరూ చరిచారు. ఆ మోతకు కాకా ఉలిక్కిపడి, కళ్ళు కిందికి దించి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

పైడమ్మ చెయ్యి తీయగానే సత్తి ఊపిరి పీల్చుకున్నాడు. వాడికీ అంతా అర్థమైపోయింది. మొహం వాడిపోయింది. "అక్కా, కాకాకు... నిజమేనా? మరి మిగతా సీన్లు? ఇంకెవరినైనా పెట్టుకోక..."

"ఎవర్రా పెట్టుకునేది?" ఎపెలి తాత యంగోనా తాగిన చిప్ప కింద పెట్టి గద్దించాడు. "వేళ్ళు తీసుకున్నాం. చప్పట్లు కొట్టాం. ఆ ముసలాయన్ని లేపకూడదని మాట అయిపోయింది."

"అది సినిమా తాతా!"

"సినిమా అయితే గిన్నెలో నిజం యంగోనా ఎందుకు కలిపారు? నేను తాగేశాను. ఇక ఆయన్ని లేపావంటే ఈ ఊళ్ళో నీ కెమెరా కాలు పెట్టదు." అని కాస్త చల్లబడి, "ఇప్పుడు పద్ధతిగా తీశావు. దొర తన దగ్గర తనే అడుక్కోవడం మాత్రం నేనెక్కడా చూడలేదు" అన్నాడు.

సత్తి సరేనన్నాడు. అడగడం హిందీలో, ఇవ్వడం ఫిజీ భాషలో అయిపోయాయి కాబట్టి ఆ సీను రెండోసారి తీయక్కర్లేదని గ్రహించి లోపల లోపల మురిశాడు కూడా. కాకా మిగతా మాటలన్నీ కోసేసి, ఆయన్ని ఊరికే చూస్తూ ఉండమన్నాడు. రావణుడు ఊరికే చూసినా చాలుగా మరి. ఎమోసి చాప చుట్టుకుంటూ మొదటిసారి నోరు విప్పి, "కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఎవరైనా లేపండి" అన్నాడు.

సినిమా ఆడిన రోజు తవువా హాలు కిటకిటలాడింది. ఆ సీను రాగానే హిందీ వాళ్ళూ ఫిజీ వాళ్ళూ కలిసి ముక్కులు చీదారు. ఆట అయ్యాక జనం కాకా చుట్టూ మూగారు. లౌటోకా నుంచి వచ్చిన కొడుకు పక్కనే నిలబడి తండ్రిని కొత్తగా చూస్తున్నాడు.

"మాట లేకుండా ఏడిపించావు కాకా!" అన్నారెవరో.

"ఏం చెప్పమంటావు!" కాకా కోపంగా చెయ్యి విసిరాడు. "నాకు ఇంత పొడుగు మాట ఉంది. అందుకుందామనుకునేలోగా ఆ కోతి వెధవ లేచి వచ్చి అంతా వాడే చెప్పేశాడు. చిన్నప్పటి నుంచీ అంతే, నిలకడ లేదు. ఏడీ వాడు?"

సకియాసి గుమ్మం దగ్గర పచార్లు చేస్తున్నాడు. "తప్పైపోయింది కాకా. కూర్చోలేకపోయాను."

"రా ఇక్కడికి! నా పక్కన కూర్చో. రెండో ఆట చూసేదాకా లేచావంటే తంతాను."

సకియాసి వచ్చి కూర్చున్నాడు. దీపాలు ఆరాయి, ఫిజీ భాషలో ఆట మొదలైంది. అతని మోకాలు ఆడుతుంటే బెంచీ మొత్తం ఊగుతోంది. కాసేపటికి ఊగడం ఆగింది. వెనక వరసలో ఉన్న పైడమ్మకు అనుమానమొచ్చి ముందుకు వంగి చూసింది. కాకా నిద్రపోయాడు. తల సకియాసి భుజం మీద ఉంది. సకియాసి కొయ్యబారి కూర్చున్నాడు, నుదుటి నుంచి చెమట ధారలు కడుతోంది.

"అక్కా," అన్నాడు తల తిప్పకుండా, గుసగుసగా. "నా వల్ల కావడం లేదు. నువ్వు కాస్త లేచి, నా తరఫున అలా ఒకసారి తిరిగి రావా?"

పైడమ్మ కొంగు నడుముకు బిగించుకుని లేచింది. నడుం వంచి, జనం మధ్య నుంచి, "తులౌ, తులౌ" అంటూ గుమ్మం దాకా నడిచి, మళ్ళీ "తులౌ, తులౌ" అంటూ వెనక్కి వచ్చింది.

"హమ్మయ్య," అన్నాడు సకియాసి.